సోలార్ కంచె మిషన్: రెండు రబీలు వాడాక

చేను చుట్టూ కట్టిన తీగకి షాక్ ఇచ్చి అడవిపందుల్ని ఆపే ఈ డబ్బా చూస్తే చిన్న టిఫిన్ క్యారియర్ అంత ఉంటుంది. ముందువైపు ఒక పచ్చ లైటు, ఒక ఎర్ర లైటు, సెకనుకోసారి 'టిక్' మని చప్పుడు. మా వైపు కుర్రాళ్లు ఝట్కా మిషన్ అంటారు, షాపువాళ్లు సోలార్ ఫెన్సింగ్ అంటారు, మా ఆవిడ "మీ గడియారం" అంటుంది. 2023 డిసెంబరులో కొన్నాను. కంపెనీ పేరు రాయను. మంచితో పాటు చెడు కూడా చెప్పాలి, చెప్పాక వాళ్లతో తగువుపడే ఓపిక నాకు లేదు.

నేను టెక్కలి డిపోలో బస్సు తోలి రిటైరయ్యాను. శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి మండలంలో కొండ దిగువన రెండున్నర ఎకరాలుంది. వానాకాలం వరి, రబీకి మొక్కజొన్న. కొండకీ మా గట్టుకీ మధ్య ఒక గెడ్డ (చిన్న వాగు), నాలుగు జీడితోటలు. పందులు దిగే దారి అదే.

2023 ఫిబ్రవరిలో గింజ పాలు పట్టే వేళకి దిగాయి. రెండు రాత్రుల్లో అరెకరం పోయింది. పంది కండె ఒక్కటే తిని పోదు. కర్ర మొత్తం విరిచి పడేసి, కండె సగం కొరికి, పక్క కర్ర మీద పడుతుంది. పొద్దున్నే వెళ్లి చూస్తే ఎవరో బస్సు అదుపు తప్పి చేలోకి దిగిపోయినట్టు ఉంది. పదిహేను క్వింటాళ్లు అనుకోండి, క్వింటా రెండు వేల లెక్కన ముప్పై వేలు.

అంతకుముందు చెయ్యనిది లేదు. మా ఆవిడ పాత చీరలన్నీ గట్టు మీద కట్టాం. మంగలి షాపుల్లో వెంట్రుకలు బస్తాలకెత్తి తెచ్చి గట్టు చుట్టూ చల్లాం. కుళ్లిన కోడిగుడ్ల నీళ్లు కొట్టాం, దాంతో పందుల కన్నా ముందు మేమే చేలోకి వెళ్లడం మానేశాం. ఒక్కొక్కటి వారం పది రోజులు పనిచేస్తుంది. తర్వాత పందికి సంగతి తెలిసిపోతుంది. ఒక రోజు చూస్తే మా ఆవిడ గులాబీరంగు చీర కింద నుంచి అడుగుల జాడ ఉంది.

అప్పుడు మా పక్క చేను బావ వచ్చాడు. మా పెద్దమ్మగారి అల్లుడు. "ఏటి బావా, బస్సు తోలినోడివి, ఇలగ బయపడతావేటి? కరెంటు లైను మీద కొక్కెం తగిలించీడం, పొద్దున్నే తీసీడం. పందీ పడతాది, పంటా దక్కుతాది" అన్నాడు. బైండింగు తీగ చుట్ట చేతిలోనే ఉంది.

నేను వద్దన్నాను. ఏదో పెద్ద ధర్మాత్ముణ్ని అని కాదు. ఆ ఏడాది సంక్రాంతి వెళ్లిన వారానికి మా ఊళ్లో ఒకరి పెయ్య గెడ్డ ఒడ్డున మేస్తూ పందికని పెట్టిన నాటు బాంబు కొరికింది. పిండిలో చుట్టి పెడతారు, వాసనకి పశువు కూడా వస్తుంది. పేలిందాన్ని నేను చూడలేదు. సాయంత్రం చూశాను. కింది దవడ వేలాడుతోంది, పెయ్య మాత్రం నిలబడే ఉంది. ముందు పచ్చగడ్డి వేస్తే మూతి దగ్గరికి తెచ్చి, వాసన చూసి, తినలేక తల పక్కకి తిప్పుకుంది. మళ్లీ వాసన చూసింది. అలా రెండు రోజులు. డ్రైవరుగా రోడ్డు మీద చాలా చూశాను. ఆ గడ్డి వాసన చూడడం మాత్రం ఇంకా కళ్లముందు ఆడుతుంది.

ఆ మే నెలలోనే మాకు పెద్ద దూరం కాని భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు చచ్చిపోయాయి. తీగకి పంది ఏదో, ఏనుగు ఏదో, తెల్లారగట్ల నీళ్లు కట్టడానికి వెళ్లే మనిషి ఏదో తెలియదు కదా.

మా జిల్లాలో వేట అన్న మాటకి ఒకే అర్థం ఉండదు. ఆదివారం పొద్దున్న బోర్డు మీద 'వేట మాంసం' అని ఉంటే అది మేకే. హైదరాబాద్ నుంచి వచ్చిన మా మనవడు ఆ బోర్డు చూసి "తాతయ్యా, ఇక్కడ జింకలు అమ్ముతారా" అని అడిగాడు. భావనపాడు వైపు వెళ్లి "మీ ఆయన ఏడీ" అంటే "యాటకెల్లాడు" అంటారు, సముద్రం మీదికి అని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఆ వేటకి కూడా నిషేధమే, చేప గుడ్లు పెట్టుకునే కాలమని. ఇక చట్టంలో వేట అంటే ఏమిటో మా అబ్బాయి ఫోనులో తీసి చదివి వినిపించాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. నేను తుపాకీ పట్టుకుంటేనే వేట అనుకునేవాణ్ని. అందులో చంపడం, విషం పెట్టడం, ఉచ్చు వెయ్యడం, ఎర పెట్టడం, పట్టుకోవడం, గాయం చెయ్యడం, ఇవన్నీ వేటే. ప్రయత్నించినా వేటే. అంటే బావ చేతిలో ఉన్న తీగ చుట్ట లైనుకి తగిలించిన క్షణం నుంచి వేట, పంది రాకపోయినా సరే. పైగా దొంగ కరెంటు కేసు వేరే, దానికీ మూడేళ్ల దాకా జైలు ఉంది.

2022లో ఈ చట్టాన్ని మార్చారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరు షెడ్యూళ్లు, అంటే జాబితాలు, నాలుగయ్యాయి. అడవిపంది మూడో షెడ్యూల్లో ఉండేది, ఇప్పుడు రెండోదాంట్లో ఉంది. చంపితే మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానా పాతికవేలు ఉండేది, లక్ష చేశారు. ఎలుగు, ఏనుగు, ఉడుము, అలుగు లాంటివి ఒకటో షెడ్యూలు. వాటికి తక్కువలో తక్కువ మూడేళ్లు, ఏడేళ్ల దాకా.

బావకి ఇదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "పొలం నాది, జొన్న నాది. మరి పందెవులిది?" అన్నాడు. అది కూడా చదివాం, 39వ సెక్షను. వేటాడిన జంతువు ప్రభుత్వ ఆస్తి. చచ్చాక కూరకి కోసుకున్నా ప్రభుత్వం సొమ్ము కోసుకున్నట్టే. బావ బీడీ వెలిగించుకుని, "సచ్చినాక గవుర్నమెంటుదైతే, బతికున్నప్పుడు నా జొన్న తిన్నదానికి బిల్లు కూడా గవుర్నమెంటే కట్టాల కదేటి?" అన్నాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఎంతమంది ప్రయాణికులతో వాదించానో, ఈ మాటకి మాత్రం నోరు పెగల్లేదు.

దారి అసలే లేదని కాదు. 11వ సెక్షను ప్రకారం ప్రాణానికో పంటకో ప్రమాదమైతే అటవీశాఖ ఛీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా ఆయన అధికారమిచ్చిన ఆఫీసరు, కారణాలు రాసి చంపడానికి అనుమతి ఇవ్వొచ్చు. మీద పడితే ప్రాణరక్షణకి చంపినా నేరం కాదు. బీహార్‌లో, ఉత్తరాఖండ్‌లో కొన్ని జిల్లాల్లో కొంతకాలం అడవిపందిని పంటకి చీడగా ప్రకటించారు. కేరళలో 2022 నుంచి పంచాయతీ పెద్దలకే ఆ అనుమతి ఇచ్చే అధికారం ఇచ్చారు, చంపిందాన్ని పూడ్చేయాల్సిందే. బావకి ఈ చివరి ముక్క నచ్చలేదు. "పూడ్చీడానికా తుపాకీ?" అన్నాడు. అక్కడ నాకు అర్థమైంది, మా ఊళ్లో సగం వేట పంట కోసం కాదు, కూర కోసం.

నేనేమీ తినకుండా పెరిగినవాణ్ని కాదు. మా తాతకి తుపాకీ ఉండేది. పండగకి ఊరంతా కొండ చుట్టి వల కట్టి, డప్పులతో తరిమి, పడినదాన్ని ఇంటికో వాటా పంచేవారు. కుక్కని తీసుకొచ్చినవాడికి కూడా వాటా. పిల్లలతో ఉన్న పందిని కొట్టకూడదని తాత ఎప్పుడూ చెప్పేవాడు. ఆ మాట మా నాన్న అందరికీ గొప్పగా చెప్పేవాడు, నేనూ చెప్పుకున్నాను. కానీ ఒకసారి మా ఇంటికి వచ్చిన వాటాలో చారల చారల చిన్న కాలు ఒకటి ఉంది. నాకు ఏడెనిమిదేళ్లు. అడవిపంది పిల్లకే ఆ చారలు ఉంటాయి, పెద్దయ్యాక పోతాయి. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ తిన్నాను.

సరే, మిషన్ సంగతికొద్దాం. నాకు పడిన ఖర్చు: మిషన్, నలభై వాట్ల ప్యానెలు, పన్నెండు వోల్టుల బ్యాటరీ కలిపి 11,800. పద్నాలుగు గేజీ జీఐ తీగ ముప్పై కేజీలు, 2,700. సరుగుడు గుంజలు వంద, 4,000. ఇన్సులేటర్లు మూడు వందలు, 1,200. ఎర్తు కడ్డీలు, హెచ్చరిక బోర్డులు, గేటు పిడి కలిపి 900. ఇద్దరు మనుషులు రెండు రోజులు, 2,400. మొత్తం 23,000. అంటే ఒక్క ఏడాది పందులు తిన్నదానికన్నా తక్కువ.

తీగలో కరెంటు అస్తమానం ఉండదు. సెకనుకోసారి ఒక దెబ్బ. టెస్టరు పెడితే ఎనిమిది వేల వోల్టులు చూపించింది, చూసి మా ఆవిడ దండం పెట్టింది. కానీ ఆ దెబ్బ సెకనులో వెయ్యోవంతుల లెక్కలో వచ్చి పోతుంది, అందుకే చంపదు. నేను ముట్టుకుని చూశాను. మోచేతి ఎముక మీద ఎవరో కర్రతో ఠపీమని కొట్టినట్టుంటుంది. రెండోసారి ముట్టుకోవాలనిపించదు, అంతే. ఒక్క జాగ్రత్త చెబుతాను. సంతల్లో, ఆన్‌లైన్లో నేరుగా ఇంటి కరెంటు ప్లగ్గులో పెట్టి వాడే చవక డబ్బాలు దొరుకుతున్నాయి. వాటి జోలికి పోకండి. మధ్యలో బ్యాటరీ ఉండాలి, డబ్బా మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలి. లేకపోతే మీరూ బావా ఒకటే.

పందికి మూడు తీగలు చాలు. భూమికి తొమ్మిది అంగుళాల్లో ఒకటి, అడుగున్నరలో ఒకటి, రెండున్నర అడుగుల్లో ఒకటి. కింది తీగే ముఖ్యం. పంది వీపు మీద దెబ్బ తగలదు, తోలు మందం, వెంట్రుకలు గట్టివి. తగలాల్సింది ముక్కుకి. కొత్త వస్తువు ఏది కనిపించినా పంది ముందు ముక్కుతో చూస్తుంది, ఆ ముక్కు ఎప్పుడూ తడిగా ఉంటుంది. షాపువాడు పై తీగకి పల్లీల ఉండ కట్టమన్నాడు. నేను కట్టలేదు. పిలిచి కొట్టడం ఎందుకు.

పెట్టిన నాలుగో రాత్రి వచ్చాయి. నేను మంచె మీదున్నాను, వెన్నెలగా ఉంది. ముందు పెద్ద ఆడది. దాని వెనక పిల్లలు, అయిదో ఆరో. గట్టెక్కి, ఆగి, ముక్కు చాపింది. 'టిక్'. అరిచిన అరుపుకి కొండ అవతల వాళ్లు కూడా లేచి ఉంటారు. వెనక్కి తిరిగి గెడ్డలోకి పరుగు. పిల్లలు చెల్లాచెదురయ్యాయి. ఒకటి మాత్రం హడావుడిలో దారి తప్పి కింది తీగ కింద నుంచి దూరి నా చేలోకి వచ్చేసింది. పిల్లి అంత ఉంది, వీపు మీద చారలు తెలుస్తున్నాయి. ఇటు పరిగెత్తి తీగ దాకా పోతుంది, భయపడి వెనక్కొస్తుంది. అవతల తల్లి గట్టు వెంబడి ఇటూ అటూ తిరుగుతూ గుర్రు గుర్రు మంటోంది, తీగ దగ్గరికి మాత్రం రాదు. పావుగంట చూశాను. తర్వాత మంచె దిగి, మిషన్ ఆపేసి, గేటు తీగ విప్పి, దూరంగా వెళ్లి నిలబడ్డాను. అది బయటికి పోయిందాకా ఇంకో అరగంట. రాత్రి రెండు గంటలకి, పంటకి కాపలా కాయడానికి 23,000 పెట్టి, పందికి గేటు తీసిన మనిషిని నేనే అయ్యుంటాను. బావకి చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఆ రబీ, ఆ తర్వాతి రబీ, రెండింటిలో నాకు పందుల వల్ల పోయింది రెండు మూడు బస్తాలు మించదు. అది కూడా మిషన్ పాడైనప్పుడు.

ఇక లోపాలు. మొదటిది గడ్డి. కింది తీగకి పచ్చగడ్డి ఆనితే చాలు, దెబ్బంతా భూమిలోకి పోతుంది. టెస్టరు ఎనిమిది వేల నుంచి రెండున్నర వేలకి దిగిపోతుంది. పదిహేను రోజులకోసారి కంచె వెంబడి నాలుగు వందల మీటర్లు వంగి గడ్డి కొయ్యాలి. ఈ ముక్క వీడియోల్లో ఎవడూ చెప్పడు. గడ్డిమందు కొట్టొచ్చు, నేను కొట్టను, అదే గట్టు మీద మా ఆవు మేస్తుంది. రెండోది ఎర్తు. మార్చి వచ్చేసరికి మా నేల ఎండి రాయైపోతుంది, దెబ్బ పని చెయ్యదు. ఒక్క కడ్డీ సరిపోతుందని షాపువాడన్నాడు. మూడు వేశాను, చుట్టూ బొగ్గు, ఉప్పు పోసి, రోజూ బిందెడు నీళ్లు పోస్తే దారికొచ్చింది. కోతులకి ఇది అస్సలు పనికిరాదు, గుంజ ఎక్కి దూకేస్తాయి. బ్యాటరీ సంగతికొస్తే పందుల కన్నా దొంగల భయం ఎక్కువ. పొద్దున్నే సైకిలు మీద ఇంటికి, సాయంత్రం మళ్లీ పొలానికి. సగం సర్వీసు దానికే చేస్తున్నాను.

అసలు బాధ సర్వీసుది. 2024 ఏప్రిల్లో ఉరుములతో గాలివాన వచ్చింది, పిడుగు ఎక్కడో పడింది, మిషన్ మూగబోయింది. కంపెనీకి ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. చివరికి ఒక అమ్మాయి వచ్చి "పిడుగు వారంటీలో రాదు సార్, కొరియర్ చెయ్యండి, మూడు వారాలు" అంది. చేలో కండెలు ముదురుతున్నాయి, మూడు వారాలంటే పందులకి చెప్పి ఆపమంటారా? పాతపట్నంలో టీవీలు బాగుచేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళితే విప్పి, నల్లగా మాడిన ఒక ముక్క చూపించి, ఆరు వందలకి మార్చేశాడు. ఉరుము వినబడితే తీగ విప్పేయమని వాడే చెప్పాడు. కంపెనీ పుస్తకంలో పన్నెండో పేజీలో ఇంగ్లీషులో అదే ముక్క ఉంది.

అయిదుకి మూడున్నర ఇస్తాను. ఒకటి సర్వీసుకి కోత, అర గడ్డికి.

అయితే ఇందులో లెక్కకి రానిది ఒకటుంది. నా చేను దగ్గర దెబ్బ తిన్న పందులు ఉపవాసం ఉండవు కదా. పక్కకి పోయాయి. పక్కది బావ చేను. పోయినేడాది ఆయనకి పోయింది నాకు 2023లో పోయినదానికి రెట్టింపు. జనవరిలో ఒక సాయంత్రం ఆయన మళ్లీ తీగ చుట్ట విప్పుతుంటే చూశాను. "నువ్వు నీ పందుల్ని నా మీదకి తోలీసినావు, నానేటి సెయ్యాల?" అన్నాడు. అబద్ధం కాదు. మిషన్ కొన్నప్పుడు చంపకుండా పంట దక్కించుకున్నానని లోపల కాస్త గర్వంగానే ఉండేది. చంపే పని బావకి అప్పగించానన్న ఊహ అప్పుడు రాలేదు.

అందుకే ఈసారి లెక్క మార్చాం. ఆ బయలులో ఆరుగురం, మొత్తం పదకొండు ఎకరాలు. ఎవరికి వాళ్లు కంచె వేసుకుంటే రెండు కిలోమీటర్లు దాటుతుంది. అంతా కలిపి చుట్టూ ఒకటే వేస్తే కిలోమీటరుకి అటూ ఇటూ. మిషన్ నాదే చాలు, డబ్బా మీద పది ఎకరాలని రాసి ఉంది, గడ్డి కోస్తూ ఉంటే పదకొండుకీ వస్తుంది. తీగ, గుంజలు ఎకరాల లెక్కన పంచుకుంటాం. గడ్డి ఎవరి గట్టు వాళ్లదే. ముగ్గురు ఒప్పుకున్నారు. నాలుగో ఆయనకి భామినిలో కోడలి ఊరు, ఏనుగుల మాట ఎత్తగానే ఇంకేమీ అడగలేదు.

బావ కూడా ఒప్పుకున్నాడు, ఒక్క షరతుతో. మిషన్ తన పాకలో పెట్టాలట. "నా పాకైతే మంచి సోటు బావా, కరెంటు స్తంబం పక్కనే" అన్నాడు. అందుకే మా పాకలో పెడుతున్నాను.